మా కోడలుపిల్లకు వద్దన్న చదువు

నేను అబద్ధం చెప్పలేదు. ఈ సంగతి ముందే తేల్చేస్తే తరవాత గొడవ ఉండదు. ఆ రోజు వేదిక మీద నిలబడి నేను చెప్పినవన్నీ నిజాలే. కాకపోతే నిజాల్లో కూడా తీసుకొచ్చి ముందు వరసలో కూర్చోబెట్టేవి కొన్ని, పెరటి గుమ్మంలోంచి పంపించేసేవి కొన్ని ఉంటాయి.

మా కమ్యూనిటీ కాలేజీలో అడ్మిషన్ల సీజను వచ్చిందంటే ప్రతి డిపార్టుమెంటూ తన దుకాణం పరుచుకుని గొంతు చించుకోవాలి. కంప్యూటర్ వాళ్ళు ఒక మరమనిషిని తెచ్చి హాల్లో నడిపిస్తారు. నర్సింగ్ వాళ్ళు ఒక రబ్బరు బొమ్మను పడుకోబెట్టి దాని గుండె నొక్కుతూ ఉంటారు. మేం తిండి పెడతాం. అందుకని జనమంతా మా బల్ల దగ్గరే మూగుతారు గానీ, తిన్నవాళ్ళందరూ చేరరు. మూతి తుడుచుకుని మరమనిషి దగ్గరికి పోతారు.

ఆ ఉదయం ప్రిన్సిపాల్ గారు నన్ను గదిలోకి పిలిచారు. "మాస్టారూ, మీ వంట కోర్సులో సీట్లు సగం కూడా నిండలేదు. ఇలాగే ఉంటే ఆ పొయ్యిలన్నీ పీకించి కంప్యూటర్లు పెట్టించాల్సొస్తుంది," అన్నారు, నవ్వుతూనే. ప్రిన్సిపాళ్ళు ఇలాంటివి నవ్వుతూనే చెబుతారు. నేనూ నవ్వాను. ఈ వయసులో నవ్వక ఇంకేం చేస్తాను, కంప్యూటర్లతో పులుసు పెట్టడం నాకు రాదు.

ఇస్త్రీ చేసిన తెల్లకోటు తొడుక్కుని మైకు ముందుకు వెళ్ళాను. వంట చదివినవాళ్ళు ఎక్కడెక్కడ పని చెయ్యొచ్చో చెప్పాను. పెద్ద హోటళ్ళున్నాయి. ఆసుపత్రి వంటశాలలున్నాయి, అక్కడ వేళకి వెళ్ళి వేళకి ఇంటికి రావచ్చు. ఓడల్లో వండుతూ దేశాలు చూడొచ్చు. విమానాల వాళ్ళకి భోజనాలు కట్టే కంపెనీలున్నాయి. బేకరీ పెట్టుకోవచ్చు, బడిపిల్లలకి వండొచ్చు, కొత్త వంటకాలు తయారుచేసే కంపెనీల్లో రుచులు చూస్తూ కూర్చోవచ్చు. "వండటం వచ్చినవాడు ఎక్కడికి వెళ్ళినా పస్తుండడు," అన్నాను. చప్పట్లు కొట్టారు.

ఓడ వంటగదికి కిటికీ ఉండదని చెప్పలేదు. నా మోకాళ్ళ సంగతి, పిక్కల్లో తాళ్ళలా లేచిన నరాల సంగతి చెప్పలేదు. అందరూ సెలవు తీసుకున్న రోజే మాకు పని ఎక్కువని చెప్పలేదు. హోటల్లో పని చేసినన్నాళ్ళూ మా ఆవిడ నన్ను నిద్రపోతుండగానే చూసింది. "మీ మొహం కళ్ళు తెరిస్తే ఎలా ఉంటుందో మర్చిపోయాను," అనేది. నా దగ్గర చదివి వెళ్ళిన పిల్లల్లో చాలామంది ఇప్పుడు ఫోన్లు అమ్ముతున్నారనీ చెప్పలేదు. అడిగితే చెప్పేవాణ్ణి. ఎవరూ అడగలేదు.

మైకు దించుతుండగా కనపడింది, చివరి వరసలో మా అక్క. పక్కన ఆవిడ కూతురు.

తెల్లకోటు గుండీలు విప్పుకుంటూ గబగబా పక్క మెట్ల వైపు నడిచాను.

మా అక్క డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతుంది. నేర్చుకునేవాడి చేతిలో స్టీరింగు ఉన్నా, రెండో బ్రేకు మాత్రం ఆవిడ కాలి కిందే ఉంటుంది. ఇంట్లోనూ అంతే. బావని, నన్ను, వీధిలో సగంమందిని ఆ బ్రేకు మీదే నడుపుకొస్తోంది. కూతురొక్కతే ఎప్పుడూ తన దారిన తను పోతుంది, అదీ ఎదురుచెప్పకుండా. నిరుడు కామర్సు డిగ్రీలో చేరి, ఏడాది తిరక్కుండా "నాకు ఇది పట్టడం లేదమ్మా" అని పుస్తకాలు సర్దేసింది. అప్పటినుంచీ ఇంట్లో వంట అదే చేస్తోంది. తక్కువ మాట్లాడుతుంది. ఎదుటి మనిషి చెప్పింది పూర్తయ్యేదాకా ఆగుతుంది. నాకు పిల్లల్లేరు. ఉన్న ప్రేమంతా ఆ పిల్ల మీదే పెట్టుకున్నాను. పేరు పెట్టి పిలవడం కూడా రాదు నాకు, ఎప్పుడూ "కోడలుపిల్లా" అనే.

అక్క జనాన్ని తోసుకుంటూ వచ్చింది. "అబ్బో, ఏం మాట్లాడావురా! నాకే చేరాలనిపించింది. ఇదిగో, దీన్ని చేర్చేసుకో."

"ఇక్కడ కాదు. పద," అని ఇద్దర్నీ మా క్లాసు వంటగదిలోకి తీసుకెళ్ళి తలుపు వేశాను. పొయ్యిల మీద స్టీలు మూతలు మెరుస్తున్నాయి. కోడలుపిల్ల గోడకి వేలాడే గరిటెల దగ్గరికి వెళ్ళి, ముట్టుకోకుండా చూస్తూ నిలబడింది.

"వద్దక్కా," అన్నాను.

"ఏది వద్దు?"

"దీనికి ఈ చదువు వద్దు."

అక్క నా మొహంలోకి చూసింది. "ఇందాక మైకులో అరిచింది నువ్వు కాదా?"

"నేనే."

"అయితే ఇప్పుడేమొచ్చింది?"

ఈ పని దీని ఒంటికి సరిపడదన్నాను. కామర్సు కాకపోతే ఇంకేదైనా చదవొచ్చన్నాను. నర్సింగు వాళ్ళ బల్ల చూపించాను. అక్కకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఊళ్ళోవాళ్ళ పిల్లలకైతే బంగారు భవిష్యత్తూ, నా కూతురికైతే పొగా మసీనా? ఇందాక ముందు వరసలో కూర్చున్న పిల్లలకి తల్లుల్లేరా? వాళ్ళ ఒళ్ళేమైనా ఇనపవా?"

కన్నంలో దొరికిన దొంగ కూడా ఏదో ఒక సాకు చెబుతాడు. నాకు అదీ తోచలేదు. ఎందుకంటే ఆవిడ అన్నదాంట్లో తప్పులేదు. ఆ ముందు వరస పిల్లల్ని నేను కాళ్ళనొప్పుల్లోకి పిలుస్తున్నానని నాకు తెలుసు. వాళ్ళు నావాళ్ళు కారు గనక పిలవగలిగాను.

కోడలుపిల్ల గరిటెల దగ్గర్నుంచే అంది, "అమ్మా, మామయ్య మీద అరవకు. మామయ్యా, నిజంగా ఎలా ఉంటుందో నాకు ఒక్కరోజు చూపించు. చూశాక నేనే చెబుతాను. నేను వద్దంటే అమ్మ బలవంతం చెయ్యకూడదు. నేను సరేనంటే నువ్వు అడ్డం పడకూడదు."

అక్క నా వైపు చూసింది, నేను అక్క వైపు చూశాను. ఇద్దరం ఒప్పుకున్నాం. ఒక్కరోజు చాలు నాకు. ఆ ఒక్కరోజులో దాని మనసు విరిచేయగలనని అనుకున్నాను.

సాయంత్రం ఉల్లిపాయ్‌కి ఫోన్ చేశాను. వాడు నా పాత స్టూడెంటు. మొదటి రోజు క్లాసులో ఉల్లిపాయలు తరుగుతూ ఏడ్చిన ఏడుపుకి ఆ పేరొచ్చింది. ఇప్పుడు పెద్ద పెద్ద విందులు జరిగే ఒక హాలుకి హెడ్ షెఫ్. కింద ఉన్నవాళ్ళంతా వాణ్ణి షెఫ్ అని పిలుస్తారు, నేను మాత్రం ఉల్లిపాయ్ అనే అంటాను, వాడూ పలుకుతాడు.

"ఏరా, మీ దగ్గర బాగా చాకిరీ ఉన్న రోజేదిరా?"

"శుక్రవారం సార్. ఒక కంపెనీ వాళ్ళ మధ్యాహ్న భోజనాలు. మనుషులు తక్కువ, ప్లేట్లు ఎక్కువ. ఏం సార్?"

సంగతి చెప్పాను. "దాని చేత గట్టిగా చేయించు. మనవాళ్ళ పిల్ల అని చూడకు. సాయంత్రానికి ఆ పిల్ల దండం పెట్టి ఇంటికి పోవాలి."

అవతల గిన్నెల మోత మధ్య వాడు అడిగాడు, "మీరు నన్ను ఏడిపించినట్టా సార్?"

"అంతకంటే కొంచెం ఎక్కువ."

"మరి నేను పారిపోలేదుగా సార్," అన్నాడు నవ్వుతూ. వాడి నవ్వు నాకు నచ్చలేదు.

శుక్రవారం ఇద్దరం వెళ్ళాం. వంటగది హాలు కింద, నేలమాళిగలో ఉంది. కిటికీ లేదు. పైన పొగ లాగే ఫ్యాను రోదలో పక్కవాడితో మాట్లాడాలన్నా అరవాలి. నేల ఎప్పుడూ తడే. రబ్బరు చాపల మీద నడవాలి, లేకపోతే జారి పడతాం. ఒక మూల కూరగాయల డబ్బాలు మనిషెత్తున పేర్చి ఉన్నాయి. కోడలుపిల్ల జుట్టు ముడేసుకుని, తలకి గుడ్డ కట్టుకుని, "ఎక్కడ నిలబడాలి?" అంది. ఉల్లిపాయ్ దానికి బంగాళాదుంపల బస్తా చూపించాడు.

తొక్కలు తీసింది. ఆ తరవాత ఉల్లిపాయలు. ఆ తరవాత క్యారెట్లు, ఒకే కొలతలో ముక్కలు. కొలత తప్పినవన్నీ ఉల్లిపాయ్ పక్కకి నెట్టేసి, "మళ్ళీ," అన్నాడు. మళ్ళీ కోసింది. కూర్చోడానికి అక్కడ కుర్చీ లేదు, ఉండదు. మధ్యలో దాని చెయ్యి నడుం మీదకి వెళ్ళి ఒక్క క్షణం ఆగి మళ్ళీ కత్తి మీదకి వచ్చేది. నేను అది చూసి లోపల్లోపల సంతోషించాను. పాపిష్టి సంతోషం. ఇంకాస్త నొప్పి పుడితే బాగుండును, వేలికి చిన్న చురక తగిలితే ఇంకా బాగుండును, అక్కడితో వదిలిపోతుంది అనుకున్నాను. ప్రేమ ఉన్నవాడు ఇలా కూడా కోరుకుంటాడని నాకు అంతకుముందు తెలీదు.

మాకు తిండి పెట్టారు. ప్లాస్టిక్ డబ్బాలో అన్నం, ఏదో కూర. చెత్తబుట్ట పక్కన నిలబడి తిన్నాం. కోడలుపిల్ల నా డబ్బా వైపు చూసింది. నాలుగు ముద్దలు గబగబా మింగి నేను డబ్బా పడేశాను.

"నువ్వు నమలవా మామయ్యా?"

"అలవాటు తప్పింది."

అది నవ్వలేదు. తన డబ్బా పూర్తిగా తిని, కడిగి మరీ బుట్టలో వేసింది.

భోజనాల వేళ దగ్గరపడేసరికి వంటవాళ్ళలో ఇద్దరు రాలేదని తెలిసింది. ఒకడికి జ్వరం, ఇంకొకడు ఫోన్ ఎత్తడం లేదు. ఉల్లిపాయ్ నా వైపు చూశాడు. చూడగానే అర్థమైంది. ఇలాంటి చూపుని కాదనడం ఈ వృత్తిలో ఎవడికీ నేర్పరు. ఏప్రన్ కట్టుకుని ఓవెన్ల ముందుకి వెళ్ళాను. మోకాళ్ళు వద్దు మొర్రో అంటున్నాయి. నేను వాటి మాట వినడం మానేసి చాలా కాలమైంది.

కోడలుపిల్లని నా ఎదురు బల్ల దగ్గర, ప్లేట్లు సర్దే చోట నిలబెట్టారు. పని మొదలయ్యే ముందు దానికి ఒక్క పాఠం చెప్పాను. "ఓవెన్‌లోంచి తీసిన ప్యాన్ పిడి చూడ్డానికి చల్లగానే ఉంటుంది, పట్టుకుంటే చర్మం ఊడొస్తుంది. అందుకని తీసినవాడు పిడి మీద గుడ్డ వేసి వదలాలి. గుడ్డ కనపడితే వేడి అని లెక్క. గుడ్డ లేకపోతే నమ్మి పట్టుకోవచ్చు. ఇక్కడ అందరూ దీన్ని నమ్ముకునే బతుకుతున్నారు."

"సరే," అంది. ఒకసారి చెబితే చాలు దానికి.

మా క్లాసులో గుడ్డ మర్చిపోయినవాడికి ఆ రోజు మార్కులుండవు. తల్లిదండ్రులు వచ్చి బతిమాలినా ఇవ్వను. అంత కచ్చితం నేను.

పైన కంపెనీ వాళ్ళ ఉపన్యాసాలు అయిపోయాయని కబురొచ్చింది. ఇక తల ప్రాణం తోకకొచ్చింది. కోడి ముక్కలు ఓవెన్‌లోంచి వస్తున్నాయి, సాస్ మరుగుతోంది, ప్లేట్లు బారులు తీరుతున్నాయి, సర్వర్లు మెట్ల దగ్గర చేతులు చాచి నిలబడ్డారు. నేను సాస్ ఉన్న ప్యాన్ ఓవెన్‌లోంచి తీసి బల్ల మీద పెట్టాను. అంతలో ఉల్లిపాయ్, "సార్, రెండో ఓవెన్!" అని కేకేశాడు. తిరిగాను. ప్యాన్ పట్టిన గుడ్డ పిడి మీదకి బదులు నా భుజం మీదకి వెళ్ళిపోయింది.

మళ్ళీ ఇటు తిరిగేసరికి కోడలుపిల్ల చెయ్యి ఆ పిడి మీదకి వస్తోంది. దానికి సాస్ కావాలి. పిడి మీద గుడ్డ లేదు. నమ్మి పట్టుకోబోతోంది.

పొద్దున్నుంచీ నేను కోరుకున్న చురక అదిగో వచ్చింది. కానీ ఆలోచించే వ్యవధి నాకు రాలేదు. అరవడానికి నోరు కూడా తెరుచుకోలేదు. నా కుడిచెయ్యి వెళ్ళి ఆ పిడి పట్టుకుంది, ఉత్త చెయ్యి. వదిలేస్తే సాస్ దాని కాళ్ళ మీద పడుతుంది. అందుకని వదలకుండా తీసుకెళ్ళి అవతలి బల్ల మీద పెట్టాను. పెట్టాక చెయ్యి విప్పితే, అరచేతి చర్మం కొంత పిడికే అంటుకుపోయింది.

అందరూ ఒక్క క్షణం ఆగిపోయారు. అప్పుడు నా నోట్లోంచి మాట వచ్చింది. ఎన్నో ఏళ్ళుగా అలవాటైన మాట.

"ఏం చూస్తున్నారు? పని ఆగిందేం? ప్లేట్లు వెళ్ళనివ్వండి!"

కోడలుపిల్ల నా వైపు అడుగేసింది.

"నువ్వు నా చోటికి వెళ్ళు. గుడ్డతో పట్టుకో. పద!"

వెళ్ళింది. నా చోట నిలబడింది. నేను కుళాయి కింద చెయ్యి పెట్టుకుని, ఒక డబ్బా బోర్లించి దాని మీద కూలబడ్డాను. వంటగదిలో పని జరుగుతుండగా కూర్చోవడం నాకదే మొదలు. నీళ్ళు పడుతున్న చోట మంట, నీళ్ళు పడని చోట ఇంకా మంట. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వాటిలోంచే దాన్ని చూశాను.

ఎంత బాగా చేసిందని! తొందర లేదు, తొట్రుపాటు లేదు. తియ్యడం, గుడ్డ వెయ్యడం, తిరగడం, పొయ్యడం, అంచు తుడవడం. ఉల్లిపాయ్ ఏదో కేకేస్తే చూడకుండానే బదులిచ్చింది. పక్కన చెయ్యి ఆలస్యమైతే ఆ పనీ తనే అందుకుంది. నేనక్కడ కూర్చుని ఉన్నానన్న ధ్యాస దానికి లేదు. ఒక్కసారైనా నా వైపు చూడలేదు. నేను చదువు చెప్పిన పిల్లలందరిలో ఆ నిలకడ ఇద్దరికో ముగ్గురికో ఉంది. మా అక్క కూతురికి ఉంది. చెయ్యి మండుతుంటే నాకు గర్వం పొంగుకొచ్చింది. వద్దని ఎందుకన్నానో గుర్తు తెచ్చుకుందామన్నా గుర్తు రాలేదు.

చివరి ప్లేటు మెట్లెక్కాక ఉల్లిపాయ్ వచ్చి నా పక్కన గొంతుక్కూర్చున్నాడు. చెయ్యి చూసి మొహం చిట్లించాడు. "సార్, గుడ్డ?"

"మర్చిపోయాను."

"మీరా?"

"నేనే. మార్కులు తీసెయ్యి."

వాడు నవ్వలేకపోయాడు. తరవాత గొంతు తగ్గించి, "సార్, మీరు ఏడిపించమన్నారు గానీ, ఈ పిల్లని నాకివ్వండి. మీ కోర్సు పూర్తి చెయ్యనివ్వండి చాలు, ఆ మర్నాడే ఉద్యోగం. నా తరవాత ఈ చోటు తనదే," అన్నాడు.

"చూద్దాంలేరా," అన్నాను. చూడ్డానికేముంది, అప్పటికే నా మనసులో దానికి తెల్లకోటు కుట్టించేశాను. ఆసుపత్రి వద్దు, ఓడ వద్దు, ఇక్కడే మంచిది. నేనే దగ్గరుండి నేర్పుతాను. నాకు తెలిసినదంతా ఇచ్చి వెళ్ళడానికి ఒక మనిషి దొరికింది.

వెనక తలుపు దగ్గర సరుకుల బండ్లు ఆగే చోటుంది. అక్కడ మెట్టు మీద కూర్చున్నాను. ఇంకా వెలుగుంది. కోడలుపిల్ల మందు ట్యూబు, గాజుగుడ్డ పట్టుకుని వచ్చి పక్కన కూర్చుంది. నా చెయ్యి ఒళ్ళో పెట్టుకుని మందు రాసింది. దాని వేళ్ళు కూడా నానిపోయి తెల్లగా ఉన్నాయి. ఒళ్ళు హూనమైపోయిన మనుషులకి మాట్లాడటం కూడా ఒక పనే.

"కోడలుపిల్లా," అన్నాను చివరికి, "నేను ఓడిపోయాను. నువ్వు చేరు. మీ అమ్మకి నేనే చెబుతాను."

అది గాజుగుడ్డ చుట్టడం ఆపలేదు. "నేను చేరను మామయ్యా."

సరిగ్గా వినలేదనుకున్నాను. "ఏంటీ?"

"చేరను."

"నడుం నొప్పా? మొదట్లో అందరికీ ఉంటుందే. పది రోజుల్లో పోతుంది."

"నడుం కాదు."

"చెయ్యి కాలుతుందని భయమా? అది నా పొరపాటు. నువ్వయితే మర్చిపోవు, నేను చూశాగా."

"అవును, మర్చిపోను," అంది. ముడి వేసి, మిగిలిన గుడ్డ పళ్ళతో తెంపింది. అప్పుడు నా వైపు చూసింది. "నువ్వు నన్ను చూశావు. నేను నిన్ను చూళ్ళేదు మామయ్యా. నీ చెయ్యి కాలింది నా వల్ల. చర్మం ఊడింది. నువ్వు అక్కడ కూర్చుని ఏడుస్తున్నావు. నేనేమో సాస్ చిక్కబడుతోందా లేదా అని చూసుకుంటున్నాను. నీ గురించి ఒక్కసారి కూడా అనుకోలేదు. అంతా అయిపోయి చేతులు కడుక్కుంటుంటే అప్పుడు గుర్తొచ్చావు."

"అది మంచిదేగా! పనిలో ఉన్నప్పుడు అలాగే ఉండాలి."

"నువ్వలాగే అంటావని తెలుసు." మందు ట్యూబు మూత బిగించింది. "ఒక్క పూటలోనే నేనిలా అయిపోయాను. నాకిది బాగా వస్తుంది మామయ్యా. నాకు తెలుస్తోంది. అందుకే భయమేస్తోంది. ఇంకో నాలుగేళ్ళకి ఎవరి చెయ్యి కాలినా నాకేం అనిపించదు. ఆ తరవాత నాదే కాలినా ఏం అనిపించదు. నువ్వు ఆ మంటలో కూడా ముందు ప్లేట్లు వెళ్ళనివ్వమన్నావు."

అది నా భుజం మీద తల ఆనించుకుంది. కాసేపటికి నిద్రపోయింది కూడా. నేను కదలకుండా కూర్చున్నాను.

నేను కోరుకున్నదే జరిగింది. ఒక్కరోజు చాలనుకున్నాను, ఒక్కరోజే పట్టింది. ఇంత ఏడుపు ఎందుకొస్తోందో నాకు అర్థం కాలేదు. చెయ్యి మంటకి అనుకుందామంటే, మందు రాశాక మంట తగ్గింది మరి.

ఆ సాయంత్రం అక్క ఫోన్ చేసింది. తిట్టడానికి సిద్ధపడే ఎత్తాను. తిట్టలేదు. "అంతా చెప్పింది," అంది. ఆ వెంటనే, "ఏరా, నీకు అన్నం ఎవరు కలిపి పెడతారు ఆ చేత్తో?" అంది.

"మా ఆవిడ ఉందిగా. కళ్ళు తెరిచి ఉన్న మొహం చూసి భయపడకపోతే పెడుతుంది."

"ఏడిశావులే," అని పెట్టేసింది. అక్క ఏడుస్తోందని నాకు తెలిసిపోయింది.

సోమవారం కాలేజీకి వెళ్ళాను. డాక్టరు వారం రోజులు ఇంట్లో ఉండమన్నాడు. ఇంట్లో ఉండి ఏం చెయ్యాలో తెలిస్తే ఉండేవాణ్ణే. వరండాలో ప్రిన్సిపాల్ గారు ఎదురొచ్చి, నా కట్టు చూసి "అయ్యో" అని, వెంటనే మొహం వికసింపజేసుకున్నారు. "మాస్టారూ, మీ ఉపన్యాసం బ్రహ్మాండంగా పనిచేసింది. సీట్లన్నీ నిండుతున్నాయి. పొయ్యిలకి ఢోకా లేదు!" నేను థాంక్స్ చెప్పాను. ముందు వరసలో కూర్చున్న ఆ పిల్లల మొహాలు గుర్తు తెచ్చుకోబోయి మానేశాను.

క్లాసులో సెకండియర్ పిల్లలు. ఆ రోజు పాఠం వెన్నతో చేసే సాస్, మంట కాస్త అటూ ఇటూ అయితే విరిగిపోతుంది. పొయ్యిలన్నీ వెలుగుతున్నాయి. పైన ఫ్యాను రోద. నేను ఎడంచేత్తో సైగలు చేస్తూ మధ్యలో తిరుగుతున్నాను. నా కట్టు చూసి ఎవరూ ఏమీ అడగలేదు. పనిలో ఉన్నారు.

కిటికీ పక్క పొయ్యి దగ్గర ఒకమ్మాయి మరిగే నీళ్ళ గిన్నె దించబోయింది. గిన్నె ఒరిగి, నీళ్ళు మణికట్టు మీద పడ్డాయి. గిన్నె చప్పుడుకి చుట్టూ ఉన్నవాళ్ళు తలెత్తి చూశారు. చూసి, మళ్ళీ తమ సాస్‌ల మీదకి వంగారు. ఒకడు కాలితో ఆ నీళ్ళు పక్కకి నెట్టి, గరిటె ఆపకుండానే తిప్పుకుంటున్నాడు. సరిగ్గా నేను నేర్పినట్టే.

ఆ అమ్మాయి మణికట్టు కుళాయి కింద పెట్టి, నా వైపు చూడకుండానే, "పర్లేదు సార్, చిన్నదే. అయిపోయింది," అంది. ఇంకో చేత్తో తన గిన్నెలో గరిటె తిప్పడానికి అందుకుంటోంది. అదీ నేను నేర్పిందే.

"ఆపండి," అన్నాను.

ఎవరూ వినలేదు. ఆ గదిలో నేను ఆ మాట ఎప్పుడూ అనలేదు.

"ఆపమంటున్నాను. పొయ్యిలు ఆర్పెయ్యండి."

ఇప్పుడు విన్నారు. ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. గరిటె తిప్పుతున్నవాడు, "సార్, ఇప్పుడు ఆపితే విరిగిపోతుంది," అన్నాడు.

"విరగనీ."

వాడు నమ్మలేదు. పరీక్షేదో పెడుతున్నాననుకుని ఇంకా గట్టిగా తిప్పాడు. చెప్పి లాభం లేదని, ఎడంచేత్తో ఒక్కొక్క పొయ్యీ నేనే ఆర్పుకుంటూ వెళ్ళాను. గిన్నెల్లో వెన్న ఒక పక్కకి, నీళ్ళు ఒక పక్కకి విడిపోతున్నాయి. చివరికి గోడ దగ్గరికి వెళ్ళి ఫ్యాను స్విచ్ కూడా కట్టేశాను. రోద తగ్గి, తగ్గి, ఆగిపోయింది. అప్పుడు, కుళాయి దగ్గర ఆ పిల్ల వెక్కి వెక్కి ఏడుస్తున్న చప్పుడు గదిలో అందరికీ వినపడింది.